తెలియదు అంటే చెల్లుతుందా?



ఉద్యోగ విరమణ చేసిన ఒక కుటుంబ పెద్ద చేతికి ప్రావిడెంట్ ఫండ్ డబ్బు వచ్చిందనుకోండి. ఆయన కాజీపేటలో రైల్వే ఉద్యోగి కావచ్చు, హన్మకొండలో ఉపాధ్యాయుడు కావచ్చు. ఆ వారంలోనే మేనల్లుడు ఇంటికి వస్తాడు. "మామా, ఒక చిన్న ఆయిల్ కంపెనీ ఉన్నది. షేరు ఇప్పుడు నలభై రూపాయలే. సముద్రంల బావి తవ్వుతున్నరు. గ్యాసు పడ్డదంటే రెండేండ్లల్ల నాలుగు వందలైతది" అంటాడు. ఆ అబ్బాయి మోసగాడు కాడు. ఎవరో ఫోనులో పంపిన సమాచారాన్ని నమ్మాడు, మామకు మేలు చేద్దామనుకున్నాడు. ఇప్పుడు ఆ పెద్దాయన ఏం చేయాలి?

దీనికి మన మధ్య రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. షేర్లంటేనే జూదం, విశ్వాసులు ఆ వైపు చూడకూడదని కొందరంటారు. డబ్బు సంగతి డబ్బు సంగతే, అందులో మనస్సాక్షికి పనేమిటని మరికొందరంటారు. ఈ రెండు జవాబుల్లోనూ ఒక సౌకర్యం ఉంది. రెండూ మనకు ఆలోచించే శ్రమను తప్పిస్తాయి. ఈ వారం మనం ఆ శ్రమ కాస్త తీసుకుందాం. ఒక చిన్న చమురు, గ్యాసు కంపెనీ షేరుకు విలువ కట్టడం ఎలా? అలా విలువ కట్టకుండా కొంటే అది ఒట్టి తెలివితక్కువ పనేనా, లేక తప్పు కూడానా?

లాభం పాపమా?

ముందుగా ఒక మాట. భూమి లోపలి గ్యాసును బయటికి తీయడం చెడ్డ పని కాదు. మన రైతులు పొలంలో చల్లే యూరియాను తీసుకోండి. రామగుండంలో పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. అక్కడే 2021లో కొత్త కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. అది నడిచేది సహజవాయువుతోనే. మన వంటింటి సిలిండరు, మనం ఎక్కే బస్సు కూడా చమురు, గ్యాసు తీసేవారి శ్రమ మీదనే ఆధారపడి ఉన్నాయి. ఆ శ్రమకు పెట్టుబడి కావాలి. పెట్టుబడి పెట్టినవాడు న్యాయమైన లాభం ఆశించడంలో తప్పు లేదు.

జగద్గురువులు రెండవ జాన్ పాల్ పోపుగారు 1991లో వెలువరించిన "చెంతేసిముస్ ఆన్నుస్" అనే విశ్వలేఖలో లాభానికి న్యాయమైన స్థానం ఉందని ఒప్పుకొన్నారు. దానితోపాటే, డబ్బును ఒకచోట కాక మరొకచోట పెట్టాలని నిర్ణయించడం ఎప్పుడూ నైతికమైన ఎంపికే అని బోధించారు. అంటే మదుపు చేయడం మానమని శ్రీసభ చెప్పలేదు. ఎక్కడ పెడుతున్నామో కళ్లు తెరిచి చూడమంటున్నది. కళ్లు తెరిచి చూడడం అంటే ఏమిటన్నదే మన ప్రశ్న.

బోరు వేసిన రైతుకు తెలిసిన సంగతి

చమురు అన్వేషణ అనగానే అది మనకు తెలియని విద్య అనుకుంటాము. కానీ జనగామ, బచ్చన్నపేట, నర్మెట్ట వైపు బోరు వేయించిన ఏ రైతునైనా అడగండి. ఆయనకు ఈ విద్యలో సగం తెలుసు. మన ప్రాంతంలో అడుగున గట్టి రాయి ఉంటుంది. ఆ రాతిలో పగుళ్లు ఉన్నచోటే నీళ్లు. పాయింటు చూసినవాడు ఇక్కడ తప్పక పడతాయంటాడు. నీళ్లు పడినా, ఒట్టి దుమ్ము లేచినా రిగ్గు యజమానికి అడుగుల లెక్కన డబ్బు ముడుతుంది. నీళ్లు పడకపోతే పోయేది రైతు డబ్బే. ఒకవేళ రెండు అంగుళాలు పడినా ఆ నీళ్లు ఎన్నేళ్లు నిలుస్తాయో ఎవరూ చెప్పలేరు. పక్క పొలంలో బాగా పడ్డాయి కాబట్టి మన పొలంలోనూ పడతాయన్న నియమమూ లేదు.

చమురు బావి కూడా ఇంతే. తేడా లోతులోనూ ఖర్చులోనూ ఉంది. మన కృష్ణా-గోదావరి తీరంలో కొన్ని బావులు వెయ్యి మీటర్లకు అటూ ఇటూ లోతున్న సముద్రంలో, ఆ నీటి అడుగున ఇంకా కిందికి తవ్వినవి. అక్కడ ఒక్కో బావికి అయ్యే ఖర్చు కోట్లలో కాదు, వందల కోట్లలో ఉంటుంది.

ఇక పెద్ద కంపెనీకీ చిన్న కంపెనీకీ తేడా చూడండి. పది ఎకరాల రైతు నాలుగు బోర్లు వేసి మూడు పోయినా నాలుగోదానితో బతుకుతాడు. అర ఎకరం రైతు అప్పు తెచ్చి వేసిన ఒక్క బోరు పోతే ఇల్లు కదిలిపోతుంది. ఒకటి రెండు క్షేత్రాల మీదనే నిలబడిన చిన్న కంపెనీ ఆ అర ఎకరం రైతు లాంటిది. దాని షేరు కొంటున్నవాడు, తెలిసినా తెలియకపోయినా, ఒక్క బోరు మీద తన ఇంటి డబ్బు పెడుతున్నాడు.

అందుకే మొదటి ప్రశ్న సులువైనదే. ఈ కంపెనీకి ఎన్ని బావులున్నాయి? వాటిలో నేడు ఉత్పత్తి ఇస్తున్నవి ఎన్ని, ఇంకా తవ్వబోతున్నవి ఎన్ని? నేటి అమ్మకాలతో దాని ఖర్చులు వెళ్తున్నాయా, లేక రేపు పడబోయే గ్యాసు పేరు చెప్పి అప్పు తెస్తున్నదా?

భూమిలో ఉన్నదీ, బయటికి వచ్చేదీ

రెండవ ప్రశ్న నిల్వల గురించి. వార్తల్లో పెద్ద అంకెలు వస్తాయి. ఆ అంకె భూమి లోపల ఉందని అంచనా వేసిన మొత్తమా, లేక అందులో బయటికి తీయగలిగిన భాగమా? ఈ రెంటికీ చాలా దూరం. తీయగలిగినదాన్నే "నిల్వ" అనాలి. అందులోనూ మూడు తరగతులున్నాయి. కనీసం అంత వస్తుందనడానికి నూటికి తొంభై పాళ్లు అవకాశం ఉంటే అది నిరూపితమైన నిల్వ. అవకాశం సగం సగంగా ఉన్నది రెండవ లెక్క. నూటికి పది పాళ్లే ఉన్నది మూడవ లెక్క. కంపెనీ గురించి గొప్పలు చెప్పేవారు తరచు మూడవ లెక్కనే చెబుతారు, మొదటి లెక్క అన్నట్టుగా మనం వింటాము.

మన తీరంలోనే జరిగిన సంగతులు చూడండి. గుజరాత్ ప్రభుత్వ సంస్థ జిఎస్‌పిసికి కృష్ణా-గోదావరి తీరంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాసు దొరికిందని 2005లో ప్రకటన వెలువడింది. దేశమంతా సంబరపడింది. నాలుగేళ్ల తరువాత ఆ క్షేత్రం అభివృద్ధికి ఆమోదం పొందిన ప్రణాళికలో కనిపించిన అంకె అందులో సుమారు పదో వంతు. చివరికి 2017లో ఆ సంస్థ తన 80 శాతం వాటాను ఓఎన్‌జిసికి అమ్మివేసింది.

రిలయన్స్ సంస్థ కాకినాడ తీరానికి ఎదురుగా 2002లో కనుగొన్న డి-6 క్షేత్రం కథ మరొకటి. అక్కడ ఉత్పత్తి 2009 ఏప్రిల్‌లో మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీయడం లక్ష్యం. 2010లో సుమారు 6 కోట్ల దాకా వచ్చి, తరువాత పడిపోతూ 2013 నాటికి 2 కోట్లకు లోపుకు దిగింది. ప్రధానమైన రెండు గ్యాసు పొరల నుంచి సుమారు 10 లక్షల కోట్ల ఘనపుటడుగులు తీయవచ్చని మొదట అంచనా వేశారు. 2012లో దానిని మూడో వంతు దగ్గరికి తగ్గించుకోవలసి వచ్చింది. ఆ గ్యాసును నమ్ముకొని గోదావరి, కృష్ణా జిల్లాల్లో కట్టిన విద్యుత్ కేంద్రాలు ఖాళీగా నిలబడ్డాయి. దేశంలోని అతి పెద్ద కంపెనీలలో ఒకటి, గొప్ప ఇంజనీర్లను పెట్టుకొని వేసిన లెక్క ఇది.

అన్నీ ఇలాగే ఉంటాయని అనుకోకండి. కోనసీమ తీరంలో ఎస్.యానాం దగ్గరున్న రవ్వ క్షేత్రాన్ని ఓఎన్‌జిసి 1987లో కనుగొన్నది. 1994లో దానిని కొన్ని ప్రైవేటు కంపెనీలతో కలిసి నడిపే ఒప్పందం కుదిరింది. వాటిలో కమాండ్ పెట్రోలియం అనే చిన్న ఆస్ట్రేలియా కంపెనీ ఒకటి. దానిని 1996లో కెయిర్న్ కొన్నది. ఆ క్షేత్రం ఏళ్ల తరబడి రోజుకు 50,000 పీపాల చమురు ఇచ్చింది. మొదట అనుకున్న మొత్తానికి రెట్టింపు కంటే ఎక్కువే ఇప్పటికి బయటికి వచ్చింది. భూమి అటూ మోసగిస్తుంది, ఇటూ ఆశ్చర్యపరుస్తుంది. అందుకే "తప్పక పడుతుంది" అనే మాట ఎవరు చెప్పినా అది తెలిసి చెప్పిన మాట కాదని గ్రహించండి.

అడగవలసిన మిగతా ప్రశ్నలు

గ్యాసు పడినంత మాత్రాన షేరుదారునికి లాభం వస్తుందా? రాకపోవచ్చు. మరో మూడు సంగతులు చూడాలి.

ఒకటి, ధర. కంది పంట బాగా పండిన ఏడాదే మార్కెట్టు యార్డులో ధర పడిపోవడం మనకు తెలిసినదే. ముడిచమురు 2008 జూలైలో పీపా 147 డాలర్లకు చేరి, అదే ఏడాది డిసెంబరులో 40 డాలర్లకు లోపు పడింది. 2014 జూన్‌లో 115 డాలర్లున్నది 2016 జనవరిలో 30 డాలర్లకు దిగువకు వచ్చింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు వాయిదా ధర సున్నా కంటే కిందికి పోయింది. ఇక మన దేశంలో చాలా క్షేత్రాల గ్యాసు ధర ప్రభుత్వం నిర్ణయించిన సూత్రం ప్రకారం నడుస్తుంది. డి-6 గ్యాసుకు ఉత్పత్తి మొదలైనప్పటి నుంచి అయిదేళ్లకు పైగా ఒక్కటే ధర, 4 డాలర్ల 20 సెంట్లు. చిన్న కంపెనీ చేతిలో లేని విషయం ఇది.

రెండు, అప్పు. బావి తవ్వడానికి తెచ్చిన అప్పుకు వడ్డీ నెలనెలా పెరుగుతుంది. గ్యాసు నెలనెలా తగ్గుతుంది. ప్రతి బావీ తవ్విన మర్నాటి నుంచే వట్టిపోవడం మొదలుపెడుతుంది. ఈ రెండు గీతలు ఎక్కడ కలుస్తాయో చూడాలి.

మూడు, వాటాల సంఖ్య. డబ్బు చాలక కంపెనీ కొత్త షేర్లు అమ్మినప్పుడల్లా మీ వాటా చిన్నదవుతుంది. రొట్టె అంతే ఉండి ముక్కలు ఎక్కువైతే మీ ముక్క ఎంత?

ఒక చిన్న కంపెనీ ఉదాహరణ చెబుతాను. హిందుస్థాన్ ఆయిల్ ఎక్స్‌ప్లొరేషన్ కంపెనీని 1983లో ఎచ్.టి.పరేఖ్ గారు స్థాపించారు. గృహ రుణాల సంస్థ ఎచ్‌డిఎఫ్‌సిని నెలకొల్పినదీ ఆయనే. మన దేశంలో ప్రైవేటు రంగంలో వచ్చిన మొదటి చమురు అన్వేషణ సంస్థ ఇదే. తమిళనాడు తీరంలోని పివై-1 క్షేత్రం మీద ఈ సంస్థ పెద్ద ఆశ పెట్టుకొన్నది. 2009లో గ్యాసు వచ్చింది, కానీ త్వరలోనే నిల్వల అంచనాను బాగా తగ్గించుకోవలసి వచ్చింది. షేరుదారులు దెబ్బతిన్నారు. మళ్లీ 2017లో అస్సాంలోని దిరోక్ క్షేత్రంలో గ్యాసు మొదలయ్యాకనే కంపెనీ తేరుకొన్నది. ఓర్చుకోగలిగినవారు నిలిచారు. కూతురి కళాశాల రుసుము కట్టవలసి వచ్చి మధ్యలో అమ్ముకొన్నవారికి ఆ కోలుకోవడం వల్ల ఏమి ఉపయోగం?

నైకో కథ

ఇక్కడిదాకా చెప్పినది తెలివికి సంబంధించిన విషయం. ఇప్పుడు మనస్సాక్షి సంగతికి వద్దాం. రెండూ ఒక్కచోట కలిసే నిజమైన కథ ఒకటి మన తీరంలోనే ఉంది.

పైన చెప్పిన డి-6 క్షేత్రంలో రిలయన్స్‌కు తోడుగా 10 శాతం వాటాతో ఒక చిన్న కంపెనీ ఉండేది. దాని పేరు నైకో రిసోర్సెస్. కెనడాలోని కాల్గరీ నగరం దానిది. అంతకుముందు గుజరాత్‌లోని హజీరాలో గ్యాసు తీసి పేరు తెచ్చుకొన్నది. డి-6 గ్యాసు పేరు చెప్పగానే దాని షేరు టొరంటో మార్కెట్టులో ఎగిసింది. ఒక దశలో ఒక్కో షేరు నూరు కెనడా డాలర్లు దాటి పలికింది. తరువాత గ్యాసు తగ్గింది, అప్పు మిగిలింది. కొన్నేళ్లలోనే ఆ షేరు ఒక్క డాలరు కంటే దిగువకు పడింది. చివరికి క్షేత్రంలో తన వంతు ఖర్చు కట్టలేక ఆ 10 శాతమూ పోగొట్టుకొన్నది.

ఇందులో ఇంకొక సంగతి గమనించండి. అదే డి-6 ప్రాంతంలో 2020 డిసెంబరు నుంచి 2023 వరకు మూడు కొత్త క్షేత్రాల్లో ఉత్పత్తి మొదలైంది. అంటే అక్కడ గ్యాసు ఉందన్న మాట అబద్ధం కాదు. గ్యాసు విషయంలో నైకో షేరుదారుల నమ్మకం నిజమే, అయినా వారి డబ్బు పోయింది. గ్యాసు వచ్చేదాకా ఆగే స్తోమత ఆ కంపెనీకి లేదు. చిన్న కంపెనీకి విలువ కట్టేటప్పుడు భూమిలో ఏముందో చూస్తే చాలదు, పెట్టెలో ఏముందో కూడా చూడాలి.

కానీ ఈ కథలో అసలు బాధ వేరే ఉంది. నైకో బంగ్లాదేశ్‌లో కూడా బావులు తవ్వింది. సునామ్‌గంజ్ జిల్లాలోని టెంగ్రాటిలా అనే ఊరి దగ్గర 2005 జనవరిలో దాని బావి పేలింది. మళ్లీ జూన్‌లో రెండవసారి పేలింది. మంటలు లేచాయి. ఊరివారు ఇళ్లు విడిచి పారిపోయారు. పొలాలు, చెట్లు, చెరువులు పాడయ్యాయి. ఈ రెండు పేలుళ్ల మధ్య, 2005 మే నెలలో, నైకో ఆ దేశపు ఇంధన శాఖ సహాయ మంత్రికి సుమారు 1 లక్షా 90 వేల కెనడా డాలర్ల విలువైన కారును ఇచ్చింది. సంగతి పత్రికల్లో వచ్చి మంత్రి రాజీనామా చేశాడు. 2011 జూన్‌లో కెనడా న్యాయస్థానంలో కంపెనీ ఇది లంచమేనని నేరం ఒప్పుకొన్నది. సుమారు 95 లక్షల కెనడా డాలర్ల జరిమానా కట్టింది.

ఆ రోజుల్లో టొరంటోలో నైకో షేరు పట్టుకొని సంతోషించినవారిలో ఎంతోమంది మంచివారు ఉండి ఉంటారు. వారు ఎవరికీ లంచం ఇవ్వలేదు. ఏ బావినీ పేల్చలేదు. టెంగ్రాటిలా ఎక్కడుందో కూడా వారికి తెలిసి ఉండదు. వారికి దోషం ఏమైనా ఉందా?

చట్టం గీసిన గీత

చట్టం వారికి దోషం లేదంటుంది. కంపెనీల చట్టం "పరిమిత బాధ్యత" అనే సూత్రం మీద నిలిచింది. మీరు పది వేలు పెట్టి షేర్లు కొంటే, కంపెనీ ఏం చేసినా మీకు పోయేది ఆ పది వేలే. లాభం మాత్రం ఎంతైనా రావచ్చు. ఈ సూత్రం వల్లనే సామాన్యులు పెద్ద పరిశ్రమల్లో భాగస్తులు కాగలిగారు. అది మంచిదే. అయితే ఆలోచించండి, మీ నష్టానికి చట్టం ఒక గీత గీసింది. ఆ గీత దాటిన నష్టం మాయమైపోతుందా? అది మరెవరి మీదనో పడుతుంది.

ఎవరి మీద పడుతుందో కోనసీమవారికి తెలుసు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జిసి బావి పేలి 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్లవారిని ఖాళీ చేయించారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గొట్టపు మార్గం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తేమ ఉన్న గ్యాసు పంపడం వల్ల అది తుప్పు పట్టిందని విచారణలో తేలింది. అవి పెద్ద ప్రభుత్వరంగ సంస్థలు. బాధితులకు పరిహారం చెల్లించే స్తోమత వాటికి ఉంది. అదే ప్రమాదం రెండు బావులున్న, అప్పుల్లో ఉన్న చిన్న కంపెనీ చేతుల్లో జరిగితే? కంపెనీ దివాలా తీస్తుంది. షేరుదారుని నష్టం పది వేలతో ఆగుతుంది. ఊరివాడి నష్టం ఆగదు.

కాబట్టి చట్టం గీసిన గీత డబ్బుకే. ఆ గీత మనస్సాక్షికి వర్తించదు. నా లాభానికి నేను యజమానినని చెప్పుకొని, ఆ లాభం వచ్చిన దారికి మాత్రం పరాయివాడినని అనడం ఎలా కుదురుతుంది?

నా నూరు షేర్లతో ఏమౌతుంది?

ఇక్కడ మీరు కొన్ని అభ్యంతరాలు చెప్పవచ్చు. అవి న్యాయమైనవే.

"నా దగ్గర ఉన్నవి నూరు షేర్లు. నేను కొన్నా మానినా ఆ కంపెనీ ఆగదు" అని మొదటిది. నిజమే. మీ ఓటు ఒక్కటే ఎన్నికను మార్చదని కూడా నిజమే. అయినా డబ్బు తీసుకొని ఓటు వేయడం తప్పని మనం పిల్లలకు చెబుతున్నాము గదా? ఫలితం నా ఒక్కడి చేతిలో లేకపోవచ్చు, నేను ఏ పక్షాన నిలబడ్డానన్నది నా చేతిలోనే ఉంది.

"నేను షేరు కొన్నది మరో మదుపరి దగ్గర. నా డబ్బు కంపెనీకి పోలేదు" అని రెండవది. ఇదీ నిజమే. కానీ ఆయన దగ్గర మీరు కొన్నది ఏమిటి? యజమాని స్థానం. ఇకముందు ఆ కంపెనీ ఎలా సంపాదించినా అందులో మీకు భాగం రావాలని కోరుకొనే స్థానం.

"ఇవన్నీ తెలుసుకోవడం సామాన్యుని వల్ల అవుతుందా?" అని మూడవది. ఇదే గట్టి అభ్యంతరం. ప్రపంచంలో ఏ మూల ఏం జరుగుతున్నదో అన్నీ తెలుసుకోవడం ఎవరి వల్లా కాదు. తెలుసుకోలేని దానికి దేవుడు మనల్ని లెక్క అడగడు. కానీ తెలుసుకోగలిగి కూడా తెలుసుకోకపోవడం వేరు. కంపెనీ వార్షిక నివేదిక ఎవరైనా చదవవచ్చు. చదవడం రాకపోతే ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలు చదివి చెబుతారు. అందులో అప్పు ఎంత ఉందో ఉంటుంది. కోర్టుల్లో నడుస్తున్న దావాలు ఉంటాయి. ఆడిటరు పెట్టిన అభ్యంతరాలు ఉంటాయి. వట్టిపోయిన బావులను మూసి నేలను బాగుచేయడానికి డబ్బు పక్కన పెట్టారా అన్నది కూడా కనిపిస్తుంది. అందుకోసం మన దేశంలో 1999 నుంచి ఒక నిధి పథకం ఉంది. ఇవి చదివితే ప్రమాదం ఎక్కడుందో తెలుస్తుంది. ఆ ప్రమాదం ఎవరి నెత్తిన పడుతుందో కూడా ఆ పుటల్లోనే తెలుస్తుంది.

ఈ వ్యాసంలో చెప్పదలచినది ఇదే. మీ డబ్బును కాపాడే జాగ్రత్తా, పొరుగువాని ప్రాణాన్ని పట్టించుకొనే జాగ్రత్తా వేర్వేరు కావు. నలభై నాలుగు వందలవుతుందన్న ఒక్క మాట విని కొన్నవాడు రెండింటినీ ఒకేసారి వదిలేశాడు. బావి ఎక్కడుందో అడగనివాడు, ఆ బావి పక్కన ఎవరున్నారో ఎలా అడుగుతాడు?

ఆ డబ్బు ఎవరిది?

చివరిగా మన ఇంటి సంగతి. ఆ ప్రావిడెంట్ ఫండ్ డబ్బు కాగితం మీద ఆయనది. కానీ ముప్పై ఏళ్లు పొదుపుగా ఇల్లు నడిపిన భార్యకు అందులో భాగం లేదా? ఇంకా పెళ్లి కావలసిన బిడ్డకు? ఆమెకు ఒక్క మాట చెప్పకుండా ఒక్క బావి మీద దానిని పెట్టే అధికారం ఆయనకు ఎక్కడిది? లాభం వచ్చాక చెప్పి సంతోషపెడదామని చాలామంది అనుకుంటారు. లాభం వచ్చేదాకా దాచవలసిన పని అయితే, అది దాచవలసిన పని అని లోపల ఎక్కడో తెలిసే ఉంటుంది.

జూదానికీ మదుపుకూ తేడా ఏమిటని అడిగేవారికి చెప్పదగిన మాట ఇది. కంపెనీ పనిని తెలుసుకొని, దాని కష్టసుఖాల్లో ఏళ్ల తరబడి భాగం పంచుకోవడం మదుపు. పని ఏమిటో తెలియకుండా ధర పెరుగుతుందని మాత్రమే పందెం కాయడం జూదం. ఆ పందెం ఎలా ముగుస్తుందో సెబీ 2024 సెప్టెంబరులో ప్రచురించిన అధ్యయనంలో చూడండి. ఫ్యూచర్స్, ఆప్షన్స్ లావాదేవీల్లో 2021-22 నుంచి మూడేళ్లలో వ్యక్తులుగా పాల్గొన్నవారిలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది.

మరి ఆ పెద్దాయన మేనల్లునికి ఏం చెప్పాలి? కోప్పడనవసరం లేదు. "బిడ్డా, కూర్చో. ఆ కంపెనీకి ఎన్ని బావులున్నయి? అప్పు ఎంత? గ్యాసు పడకపోతే ఏమైతది? బావి పేలితే ఎవరికి నష్టం, ఎవరు కట్టిస్తరు? ఇవి కనుక్కొని మీ అత్త ముందట చెప్పు" అంటే చాలు. అతను కనుక్కొని వచ్చి చెప్పగలిగితే, అత్తకు అర్థమై ఆమె కూడా సరేనంటే, పోయినా ఇల్లు కదలనంత డబ్బు మాత్రం పెట్టడంలో తప్పు లేదు. చెప్పలేకపోతే, ఆ డబ్బు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఉండనివ్వండి. తక్కువ వడ్డీకి సిగ్గుపడవలసిన పని లేదు.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చొని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు లూకా సువార్తలో బోధించిన సంగతి మనందరికీ తెలుసు. ఆ లెక్కలో మన రూపాయలతోపాటు, ఆ గోపురం కూలితే దాని కింద ఉండేవారిని కూడా కలుపుకొందాం. ఈ ఆదివారం పూజ ముగిశాక ఎవరైనా మీతో మంచి షేరు ఉందని చెబితే, ధర ఎంత అని అడిగే ముందు ఆ కంపెనీ ఏ ఊరి పక్కన ఏం చేస్తున్నదో అడగండి.